ఎలుక నెత్తురులో ఒక అంకె: థ్రాంబిన్ రిసెప్టర్ కిట్ వెనుక నూరేళ్ళ చరిత్ర



మన చరిత్ర వ్యాసాల్లో ఇన్నాళ్ళూ వలస వచ్చిన ఊళ్ళ గురించి, పూర్వీకులు కట్టించిన సత్రాల గురించి, నిలబెట్టుకున్న తెలుగు బడుల గురించి చెప్పుకున్నాం. ఈసారి ఒక చిన్న అట్టపెట్టె చరిత్ర చెప్పుకుందాం. ప్రయోగశాలల ఫ్రిజ్‌లో ఉండే ఆ పెట్టె మీద ‘ర్యాట్ కోయాగ్యులేషన్ ఫ్యాక్టర్ టూ రిసెప్టర్ ఎలైజా కిట్’ అని రాసి ఉంటుంది. బెంగళూరులో, పుణెలో, చెన్నైలో, భువనేశ్వర్‌లో ఫార్మా, బయోటెక్ చదువులు చదువుతున్న మన పిల్లలకు ఇలాంటి పెట్టెలు కొత్తేమీ కాదు. మిగిలినవాళ్ళం ఆ పేరు చదివి పక్కన పెట్టేస్తాం.

పక్కన పెట్టకూడదని మా మనవి. ఆ పెట్టెలోంచి బయటికొచ్చే అంకె ప్రయోగశాలలోనే ఆగడం లేదు. పరిశోధన పత్రంలోకి, అక్కడినుంచి ప్రకటనలోకి, అక్కడినుంచి ‘ఎలుకల్లో రుజువైంది’ అనే మాటగా మన ఫోన్లలోకి వస్తోంది. ఆ మాట నమ్మి మన ఇళ్ళలో పెద్దవాళ్ళు మాత్రలు మానేయాలా వద్దా అని ఆలోచిస్తున్నారు. కాబట్టి ఆ అంకె ఎలా పుడుతుందో, ఎంతవరకు నిజం చెబుతుందో తెలుసుకోవడం మనకు అవసరం.

1. నెత్తురు గడ్డకట్టే పని

వంటింట్లో కత్తిపీట తగిలి వేలు తెగితే కాసేపటికి నెత్తురు దానంతటదే ఆగిపోతుంది. ఈ మామూలు సంగతి వెనుక ఏం జరుగుతోందో తేల్చడానికి శాస్త్రవేత్తలకు చాలా దశాబ్దాలు పట్టింది. ఇటలీలోని టూరిన్ నగరంలో జూలియో బిజ్జొజెరో 1882లో నెత్తురులోని అతి చిన్న పలుచని కణాలను వర్ణించి, దెబ్బ తగిలిన చోట ముందుగా గుమిగూడేవి అవేనని చూపించాడు. ఈనాడు డెంగీ జ్వరం వస్తే డాక్టర్లు రోజూ లెక్కపెట్టించే ప్లేట్‌లెట్లు ఇవే. 1905లో జర్మనీకి చెందిన పాల్ మొరావిట్జ్ గడ్డకట్టే క్రమాన్ని ఒక వరుసలో పెట్టాడు. నెత్తురులో ప్రోథ్రాంబిన్ అనే పదార్థం నిద్రపోతున్నట్టు ఉంటుంది. గాయమైనప్పుడు అది కాల్షియం సాయంతో థ్రాంబిన్‌గా మారుతుంది. ఆ థ్రాంబిన్ ఫైబ్రినోజెన్ అనే పదార్థాన్ని దారాల్లాంటి ఫైబ్రిన్‌గా మారుస్తుంది. ఆ దారాల వలలో కణాలు చిక్కుకుని గడ్డ ఏర్పడుతుంది.

తర్వాతి కాలంలో గడ్డకట్టే పదార్థాలు ఒక్కొక్కటే బయటపడ్డాయి. ఒక్కొక్క దేశంలో ఒక్కొక్క పేరు పెట్టడంతో గందరగోళమైంది. అందుకని అంతర్జాతీయ సంఘం ఒకటి కూర్చుని వాటికి రోమన్ అంకెలు ఇచ్చింది. అందులో ప్రోథ్రాంబిన్‌కు దక్కింది రెండో అంకె. కిట్ పెట్టె మీది ‘ఫ్యాక్టర్ టూ’ అంటే ఇదే.

థ్రాంబిన్ చేసే పని ఫైబ్రిన్ దారాలు తీయడంతో అయిపోదు. అది ప్లేట్‌లెట్లను తట్టి లేపుతుంది, ఒకదానికొకటి అతుక్కునేలా చేస్తుంది. అలా తట్టి లేపాలంటే ప్లేట్‌లెట్ పైపొర మీద థ్రాంబిన్ మాట వినే చెవి ఏదో ఉండాలి. ఆ చెవినే శాస్త్రంలో రిసెప్టర్ అంటారు, తెలుగు పాఠ్యపుస్తకాల్లో గ్రాహకం అని రాస్తారు. అలాంటిది ఉండి తీరాలని అందరికీ తెలిసినా, అది చేతికి చిక్కింది 1991లోనే. ఆ కథకు ముందు ఎలుక గురించీ, కొలత గురించీ చెప్పుకోవాలి.

2. ఎలుక ప్రయోగశాలకు వచ్చిన దారి

ధాన్యపు కొట్లలో మన తాతలు బోనులు పెట్టి పట్టిన ఎలుకకు ప్రయోగశాలలో వంశవృక్షం ఉంది. అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరంలో విస్టార్ ఇన్‌స్టిట్యూట్ 1906లో తెల్ల ఎలుకల పెంపకం మొదలుపెట్టింది. అక్కడ హెలెన్ డీన్ కింగ్ అనే శాస్త్రవేత్త తరాల తరబడి దగ్గరి సంబంధాలు కలిపి, ఒకదానికొకటి పోలిన ఎలుకలను తయారుచేసింది. ఒక మందు ఇచ్చినప్పుడు తేడా వస్తే అది మందు వల్లే వచ్చిందని చెప్పాలంటే ఎలుకలన్నీ ఒకే తీరుగా ఉండాలి కదా. ఈనాటికీ మన దేశపు ప్రయోగశాలల్లో విస్టార్ ఎలుక అనే మాట వినిపిస్తూనే ఉంటుంది.

మన ప్రాంతాలకు వస్తే, తమిళనాడు సభ్యులు గర్వంగా చెప్పుకోదగ్గ ఊరు కూనూరు. నీలగిరి కొండల్లోని ఆ ఊళ్ళో 1918లో రాబర్ట్ మెక్‌కారిసన్ బెరిబెరి వ్యాధి మీద చిన్న పరిశోధన విభాగం పెట్టాడు. అదే పెరిగి పోషకాహార పరిశోధనశాల అయింది. అక్కడ ఆయన ఎలుకలను గుంపులుగా విడదీసి, ఒక్కొక్క గుంపుకు మన దేశంలోని ఒక్కొక్క ప్రాంతపు తిండి పెట్టి పెంచాడు. సిక్కుల తిండి, పఠాన్ల తిండి, మరాఠీల తిండి, కన్నడిగుల తిండి, బెంగాలీల తిండి, మద్రాసు వైపు తిండి, ఇలా అన్నమాట. గోధుమ రొట్టె, పాలు, పప్పు, కూరగాయలు ఉన్న సిక్కుల తిండి తిన్న ఎలుకలు బాగా ఎదిగాయి. తవుడు పోయేలా మర పట్టిన తెల్ల బియ్యమే ఎక్కువగా ఉన్న మద్రాసు తిండి తిన్న ఎలుకలు అన్నిటికంటే వెనకబడ్డాయి. మరాఠీ, కన్నడ తిండ్లు మధ్యలో నిలిచాయి. ఆ రోజుల్లో మద్రాసు అంటే అందులో మన తెలుగు జిల్లాలూ ఉన్నాయి. దంపుడు బియ్యం మంచిదని మన అమ్మమ్మలు చెప్పిన మాటకు ఎలుక కూడా సాక్ష్యం చెప్పింది.

ఆ పరిశోధనశాల 1958లో కూనూరు నుంచి హైదరాబాదుకు తరలింది. 1969లో జాతీయ పోషకాహార సంస్థ అనే పేరు పెట్టుకుంది. దేశంలోని ప్రయోగశాలలకు ఎలుకలను, చిట్టెలుకలను పెంచి ఇచ్చే కేంద్రం కూడా 1976లో ముంబయి నుంచి అక్కడికే చేరింది. మన పూర్వీకులు తెలుగు నేల నుంచి దక్షిణానికీ పడమటికీ వస్తే, ఎలుకల గది మటుకు నీలగిరుల నుంచీ ముంబయి నుంచీ తెలుగు నేలకు వెళ్ళింది.

కూనూరు ఎలుకలు చెప్పింది మనుషులకూ సరిపోయింది. విటమిన్ బి1 లేకపోతే మనిషీ కుంగుతాడు, ఎలుకా కుంగుతుంది. అయితే ప్రతి విషయంలోనూ అలా కుదరదు. విటమిన్ సి లోపంతో వచ్చే స్కర్వీ వ్యాధి ఎలుకలకు రాదు, ఎందుకంటే ఎలుక ఒంట్లో ఆ విటమిన్ దానంతటదే తయారవుతుంది. అందుకే 1907లో నార్వే శాస్త్రవేత్తలు హోల్స్ట్, ఫ్రోలిక్ స్కర్వీ మూలం వెతికింది గినీపందుల్లో. ఎలుకనే పట్టుకుని కూర్చుని ఉంటే ఆ వ్యాధి ఎప్పటికీ దొరికేది కాదు. ఏ ప్రశ్నకు ఏ జంతువు అన్న ఈ లెక్క వ్యాసం చివరిదాకా మనతో వస్తుంది, గుర్తుంచుకోండి.

నెత్తురు గడ్డలకూ ఎలుకలకూ ఇంకో పాత బంధం ఉంది. 1920లలో ఉత్తర అమెరికాలో పాడైపోయిన స్వీట్ క్లోవర్ గడ్డి తిన్న పశువులు ఆగని రక్తస్రావంతో చచ్చిపోయేవి. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో కార్ల్ పాల్ లింక్ బృందం ఆ గడ్డిలోని విషపదార్థాన్ని వేరుచేసింది. దాని దారిలోనే తయారైన వార్ఫరిన్ 1948లో ఎలుకల మందుగా బజారుకొచ్చింది. ఆరేళ్ళకు, 1954లో, అదే పదార్థం మనుషులకు వైద్యంగా అనుమతి పొందింది. గుండెలో వాల్వు మార్పించుకున్నవాళ్ళు మన సంఘంలోనూ ఉన్నారు. నెలనెలా రక్తపరీక్ష చేయించుకుంటూ వాళ్ళు వేసుకునే మాత్ర ఇదో, దీని తమ్ముడో అయి ఉంటుంది. అది ప్రోథ్రాంబిన్ వంటి పదార్థాల తయారీని తగ్గిస్తుంది. అంటే ఫ్యాక్టర్ టూ పుట్టేచోటే అడ్డుపడుతుంది.

3. కనపడనిదాన్ని కొలవడం

నెత్తురులో ఒక పదార్థం గ్రాములో కోటానుకోట్లవ వంతు ఉంటే దాన్ని ఎలా కొలవాలి? ఏ తక్కెడా పనికిరాదు. దీనికి దారి చూపింది న్యూయార్క్‌లోని బ్రాంక్స్ మాజీ సైనికుల ఆసుపత్రిలో పనిచేసిన రోజలిన్ యాలో, సాలమన్ బెర్సన్ జంట. పాతకాలపు చీపుళ్ళ గదిని యాలో ప్రయోగశాలగా మార్చుకుంది. పశువుల ఇన్సులిన్ ఎక్కించుకునే చక్కెర రోగుల ఒంట్లో ఆ ఇన్సులిన్‌ను పట్టుకునే ప్రతిరక్షకాలు, అంటే యాంటీబాడీలు, తయారవుతున్నాయని వాళ్ళు కనుక్కున్నారు. ఇన్సులిన్ అంత చిన్న పదార్థానికి యాంటీబాడీ పుట్టదని ఆనాటి పెద్దలు నమ్మలేదు. 1955లో వాళ్ళ పత్రాన్ని పత్రికలు తిప్పిపంపాయి. శీర్షికలోంచి ‘ఇన్సులిన్ యాంటీబాడీ’ అనే మాట తీసేశాక కానీ అచ్చు కాలేదు. ఆ తిరస్కరణ ఉత్తరాన్ని యాలో దాచిపెట్టి, 1977లో నోబెల్ బహుమతి అందుకున్నప్పుడు తన ఉపన్యాసంలో చూపించింది. బెర్సన్ అప్పటికే, 1972లో, కన్నుమూశాడు.

యాంటీబాడీ తనకు సరిపోయిన పదార్థాన్నే వెతికి పట్టుకుంటుంది. దానికి రేడియోధార్మిక గుర్తు తగిలిస్తే ఎంత పట్టుకుందో లెక్కపెట్టవచ్చు. 1960 నాటికి యాలో, బెర్సన్ ఈ పద్ధతిని స్థిరపరిచారు. మన దేశంలో థైరాయిడ్ పరీక్షల కోసం ఇలాంటి కిట్లను ముంబయి ట్రాంబేలోని భాభా అణు పరిశోధన కేంద్రం వాళ్ళు తయారుచేసేవారు. తర్వాత ఆ పనిని 1989లో ఏర్పడిన బ్రిట్ సంస్థ అందుకుంది.

రేడియోధార్మిక పదార్థంతో చిక్కులు చాలా. దాచడానికి ప్రత్యేక గది కావాలి, పారేయడానికి నియమాలు కావాలి, కొన్నాళ్ళకు దాని బలం తగ్గిపోతుంది. 1971లో స్వీడన్ రాజధాని స్టాక్‌హోమ్‌లో ఎవా ఎంగ్వాల్, ఆమె గురువు పీటర్ పెర్ల్‌మన్ రేడియోధార్మిక గుర్తు బదులు ఎంజైమ్‌ను తగిలించారు. ఎంజైమ్ ఒక రంగులేని ద్రావణాన్ని రంగు ద్రావణంగా మారుస్తుంది. ఎంత రంగు వస్తే అంత పదార్థం ఉన్నట్టు. దీనికే ఎలైజా అని పేరు. అదే కాలంలో నెదర్లాండ్స్‌లోని ఆర్గనాన్ సంస్థలో స్కూర్స్, వాన్ వీమెన్ కూడా ఇదే ఆలోచనకు వచ్చారు. 1975లో కేంబ్రిడ్జిలో కోలర్, మిల్‌స్టీన్ ఒకే రకం యాంటీబాడీని ఎంత కావాలంటే అంత తయారుచేసే పద్ధతి కనిపెట్టడంతో కిట్ల వ్యాపారం ఊపందుకుంది. ఎనిమిది వరుసలు, పన్నెండు నిలువులు, మొత్తం 96 గుంటలున్న ప్లాస్టిక్ పళ్ళెం దాని ఆనవాలైంది. గుంతపొంగణాల పెనాన్ని బొమ్మ సైజుకు కుదిస్తే ఎలా ఉంటుందో అలాగే ఉంటుంది.

ఈ రంగు పరీక్ష మన దగ్గర చరిత్రను మార్చిన రోజు ఒకటుంది. 1986లో చెన్నైలో డాక్టర్ సునీతి సోలమన్ ప్రోత్సాహంతో ఆమె విద్యార్థిని సెల్లప్పన్ నిర్మల 80కి పైగా నెత్తురు నమూనాలు సేకరించింది. పరీక్షించే సదుపాయం చెన్నైలో లేకపోవడంతో వాటిని ఐస్ పెట్టిన డబ్బాలో పెట్టుకుని రాత్రి రైల్లో వెల్లూరు క్రిస్టియన్ వైద్య కళాశాలకు తీసుకెళ్ళింది. అక్కడ ఎలైజా పళ్ళెంలో ఆరు గుంటలు పసుపు రంగుకు తిరిగాయి. మన దేశంలో హెచ్ఐవీ ఉందని మొదటిసారి తెలిసింది అలాగే. ఆ ఆరు నమూనాలను అక్కడితో వదిలేయలేదు, వేరే పద్ధతిలో మళ్ళీ నిర్ధారించుకున్నారు. ఒక రంగు మార్పు వెనుక ఎంత పని ఉండాలో ఆ వెల్లూరు ఉదంతం చెబుతుంది.

4. తాళానికే కట్టి ఉన్న తాళంచెవి

ఇప్పుడు 1991కి వద్దాం. అమెరికాలో శాన్ ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో షాన్ కాగ్లిన్ బృందం థ్రాంబిన్ రిసెప్టర్‌ను వెతుకుతోంది. వాళ్ళు మానవ కణాల నుంచి జన్యు సందేశాలను తీసి ఆఫ్రికా కప్ప గుడ్లలోకి ఎక్కించారు. ఏ గుడ్డు థ్రాంబిన్ తగలగానే ఉలిక్కిపడుతుందో చూస్తూ, సందేశాల మూటను చిన్నచిన్న మూటలుగా విడగొడుతూ పోయి, చివరికి ఒక్క జన్యువు దగ్గర ఆగారు. మనిషిలో ఆ రిసెప్టర్ 425 అమైనో ఆమ్లాల గొలుసు. దాదాపు అదే సమయంలో ఫ్రాన్స్‌లో ఇంకో బృందం హ్యామ్‌స్టర్ అనే జంతువులో ఇలాంటిదాన్నే పట్టుకుంది.

అందరినీ ఆశ్చర్యపరిచింది అది పనిచేసే తీరు. మామూలుగా బయటినుంచి వచ్చే పదార్థం తాళంచెవిలా రిసెప్టర్‌లో కూర్చుని దాన్ని తెరుస్తుంది. థ్రాంబిన్ అలా చేయదు. అది కత్తెరలా రిసెప్టర్ బయటి కొసను కత్తిరిస్తుంది. కత్తిరించిన చోట బయటపడ్డ కొత్త కొస వెనక్కి వంగి తన రిసెప్టర్‌నే తెరుస్తుంది. తాళంచెవి తాళానికే కట్టి, గుడ్డలో చుట్టిపెట్టి ఉందన్నమాట. ఒకసారి కత్తిరించాక మళ్ళీ అతకదు. ఒక రిసెప్టర్ ఒక్కసారే పనికొస్తుంది. దీనికి పార్-1 అని పేరు, దీని జన్యువుకు ఎఫ్2ఆర్ అని పేరు. మన అట్టపెట్టె కొలుస్తానని చెప్పేది దీన్నే.

1992లో ఎలుక రక్తనాళాల గోడల్లోని కండర కణాల నుంచి ఎలుక థ్రాంబిన్ రిసెప్టర్‌ను కూడా వేరుచేశారు. ఎలుకలోనూ ఉంది, మనిషిలోనూ ఉంది, ఇక ఎలుక మీద మందులు పరీక్షించవచ్చు అనిపించింది.

1993లో కెనడా శాస్త్రవేత్తలు కిన్‌లో-రాత్‌బోన్, ప్యాకమ్ తదితరులు ఒక ఇబ్బందికరమైన సంగతి ప్రకటించారు. మనిషి ప్లేట్‌లెట్లను తట్టిలేపే ఆ కొత్త కొసను కృత్రిమంగా తయారుచేసి ఎలుక ప్లేట్‌లెట్ల మీద, కుందేలు ప్లేట్‌లెట్ల మీద పోస్తే అవి కదలలేదు. అసలు థ్రాంబిన్ పోస్తే మాత్రం లేచాయి. అంటే ఎలుక ప్లేట్‌లెట్ థ్రాంబిన్ మాట వింటోంది, కానీ వేరే చెవితో వింటోంది.

1996లో కాగ్లిన్ బృందం పార్-1 జన్యువు లేని చిట్టెలుకలను పుట్టించింది. వాటిలో సుమారు సగం తల్లి కడుపులోనే చనిపోయాయి. బతికినవాటి ప్లేట్‌లెట్లు థ్రాంబిన్‌కు మామూలుగానే స్పందించాయి. అలా రెండో రిసెప్టర్ ఉన్నట్టు తేలింది. 1997లో పార్-3, 1998లో పార్-4 బయటపడ్డాయి. మనిషి ప్లేట్‌లెట్లలో పార్-1, పార్-4 పనిచేస్తాయి. చిట్టెలుక ప్లేట్‌లెట్లలో పార్-3, పార్-4 పనిచేస్తాయి. ఎలుక ప్లేట్‌లెట్లూ పార్-1 మీద ఆధారపడవు. గినీపంది ప్లేట్‌లెట్లలో మాత్రం మనకున్నట్టే పార్-1 పనిచేస్తుంది. స్కర్వీ విషయంలో మనిషి పక్కన నిలబడింది గినీపందే, ఇక్కడా అదే నిలబడింది.

5. పెట్టెలోని అంకె ఏం చెబుతుంది?

ఇప్పుడు పెట్టె విప్పి చూద్దాం. 96 గుంటల అడుగున ఎలుక రిసెప్టర్‌ను పట్టుకునే యాంటీబాడీ ముందే పూసి ఉంటుంది. కొన్ని గుంటల్లో తెలిసిన మోతాదులు పోస్తారు, మిగిలినవాటిలో ఎలుక నుంచి తీసిన నమూనా పోస్తారు. కడిగేశాక రెండో యాంటీబాడీ పోస్తారు. దానికి ఎంజైమ్ తగిలించి ఉంటుంది. పట్టుకున్న పదార్థం ఈ రెండింటి మధ్య ఇరుక్కుంటుంది. మళ్ళీ కడిగి రంగు ద్రావణం పోస్తే నీలం వస్తుంది. ఆమ్లం చుక్క వేస్తే నీలం పసుపవుతుంది. యంత్రం 450 నానోమీటర్ల కాంతితో ఆ పసుపు చిక్కదనాన్ని చదువుతుంది. తెలిసిన మోతాదుల గీతతో పోల్చి, నమూనాలో ఎంత ఉందో అంకె ఇస్తుంది.

ఇందులో మనం పట్టుకోవలసిన విషయాలు నాలుగు.

ఒకటి, రిసెప్టర్ నివాసం కణం పైపొర. నెత్తురు నీరులో స్వేచ్ఛగా తిరిగే పదార్థం కాదు. కణజాలాన్ని నూరి తీసిన రసంలో కొలిస్తే ఒక అర్థం, సీరమ్‌లో కొలిస్తే వేరే అర్థం. సీరమ్‌లో దొరికేది కణాల నుంచి ఊడిపడిన ముక్కలు కావచ్చు.

రెండు, ఎలైజా ఎంత ఉందో చెబుతుంది, పనిచేస్తోందో లేదో చెప్పదు. పార్-1 ఒకసారి కత్తిరింపుకు గురైతే దాని పని అయిపోయినట్టే అని పైన చెప్పుకున్నాం. కత్తిరించినదాన్నీ, కత్తిరించనిదాన్నీ యాంటీబాడీ వేరుచేయకపోతే, వాడేసిన అగ్గిపుల్లలను కూడా కలిపి పెట్టెలో ఎన్ని పుల్లలున్నాయో లెక్కపెట్టినట్టు అవుతుంది.

మూడు, యాంటీబాడీ నిజంగా ఆ రిసెప్టర్‌నే పట్టుకుంటోందా, దానిలాంటి చుట్టాలను కూడా పట్టుకుంటోందా అన్నది విడిగా రుజువు చేసుకోవాలి. ఎలుకకు తయారైన కిట్ మనిషికి వాడకూడదు. ఇలాంటి పెట్టెల మీద ‘పరిశోధన కోసం మాత్రమే’ అని రాసి ఉంటుంది. రోగ నిర్ధారణకు అవి పనికిరావని దాని అర్థం.

నాలుగు, అన్నిటికంటే ముఖ్యమైనది. ఎలుక ప్లేట్‌లెట్లు పార్-1 మీద ఆధారపడవు. కాబట్టి ఎలుకలో ఈ అంకె తగ్గినంత మాత్రాన దాని నెత్తురు గడ్డకట్టడం తగ్గిందని కూడా చెప్పలేం. ఇక మనిషి సంగతి ఇంకా దూరం. ఎలుకలో పార్-1 రక్తనాళాల గోడల్లో, మరికొన్ని కణజాలాల్లో పని చేస్తుంది. రక్తనాళాలు దెబ్బతినడం, వాపు, గాయం మానడం వంటివి పరిశోధించేవాళ్ళకు ఈ కిట్ నిజంగా ఉపయోగపడుతుంది. పెట్టెలో తప్పు లేదు. దానిని అడిగే ప్రశ్నలోనే జాగ్రత్త కావాలి.

6. మందుల దాకా వచ్చిన దారి

పార్-1ను అడ్డుకునే మందు నిజంగానే వచ్చింది. ఆస్ట్రేలియా అడవుల్లోని ఒక చెట్టు బెరడులో దొరికే హింబాసిన్ అనే పదార్థం ఆధారంగా శామ్యూల్ చక్కలమన్నిల్ బృందం షెరింగ్-ప్లౌ సంస్థలో వోరాపక్సార్ అనే మందును రూపొందించింది. ఎలుక ప్లేట్‌లెట్లు ఈ పనికి పనికిరావు కాబట్టి కోతుల మీద పరీక్షలు జరిపారు. మనుషుల మీద జరిగిన పెద్ద పరీక్షల్లో గుండెపోట్లు కొంత తగ్గాయి కానీ రక్తస్రావం, ముఖ్యంగా మెదడులో రక్తస్రావం, పెరిగింది. 2014లో అమెరికా దీనికి అనుమతి ఇచ్చినా, పక్షవాతం వచ్చినవాళ్ళకు ఇవ్వకూడదని గట్టి హెచ్చరిక పెట్టింది. సరైన జంతువులో, సరైన కొలతతో, కోట్ల ఖర్చుతో తయారైన మందుకే ఇన్ని షరతులున్నాయి.

ఎలుక సాయపడిన కథ కూడా చెప్పాలి, లేకపోతే దానికి అన్యాయం చేసినట్టవుతుంది. స్టెంట్ వేయించుకున్నవాళ్ళలో ఎక్కువమందికి తెలిసిన మాత్ర క్లోపిడోగ్రెల్. 1997లో అమెరికాలో అనుమతి పొందినప్పుడు అది ప్లేట్‌లెట్ మీద ఏ రిసెప్టర్‌ను మూస్తుందో జన్యువు స్థాయిలో ఎవరికీ తెలియదు. 2001లో ఎలుక ప్లేట్‌లెట్ల జన్యు సందేశాలను మళ్ళీ కప్ప గుడ్లలోకి ఎక్కించి వెతికితేనే పీ2వై12 అనే ఆ రిసెప్టర్ దొరికింది. ఆ విషయంలో ఎలుక ప్లేట్‌లెట్ మనిషి ప్లేట్‌లెట్ దారిలోనే నడుస్తుంది. ఒక రిసెప్టర్ విషయంలో మనకు సాక్షిగా నిలబడ్డ జంతువే ఇంకో రిసెప్టర్ విషయంలో సాక్షిగా పనికిరాదు.

7. మన గుంపుల్లో తిరిగే మాట

కొంతకాలంగా మన సంఘం వాట్సాప్ గుంపుల్లో ఒక సందేశం చేతులు మారుతోంది. ఫలానా కషాయం తాగితే ‘నెత్తురు గడ్డల రిసెప్టర్’ తగ్గిపోతుందట, ఎలుకల్లో ఎలైజా పరీక్షతో రుజువైందట, ఇక గుండె మాత్రలు అక్కర్లేదట. హోసూరు నుంచి ఒక పిన్ని, బరంపురం నుంచి ఒక మామయ్యగారు, సోలాపూర్ నుంచి ఇద్దరు పెద్దలు మమ్మల్ని అడిగారు, ఇది నిజమేనా, మాత్ర మానేయవచ్చా అని. ఇంత పొడుగు వ్యాసం రాయవలసి వచ్చింది అందుకే. రెండు ముక్కల్లో ‘నమ్మకండి’ అంటే పెద్దవాళ్ళు మా మీద గౌరవంతో తల ఊపుతారు, రేపు ఇంకో సందేశం వస్తే మళ్ళీ తడబడతారు. ఎందుకు నమ్మకూడదో తెలిస్తే తమంతట తామే తేల్చుకోగలరు.

ఇకమీదట ‘ఎలుకల్లో రుజువైంది’ అనే మాట కనబడితే పంపినవాళ్ళను మర్యాదగా మూడు ప్రశ్నలు అడగండి. కొలిచింది దేనిని, ఉన్న మోతాదునా, జరిగిన పనినా? ఈ విషయంలో ఎలుక ఒళ్ళు మన ఒళ్ళు లాగే నడుస్తుందా? మనుషుల మీద పరీక్షించారా, పరీక్షిస్తే హాని ఎంత తేలింది? జవాబు రాకపోతే ఆ సందేశాన్ని ముందుకు పంపకండి.

స్టెంట్ వేయించుకున్నవాళ్ళు, వాల్వు మార్పించుకున్నవాళ్ళు, పక్షవాతం వచ్చి కోలుకున్నవాళ్ళు డాక్టరును అడగకుండా ఒక్క మాత్ర కూడా మానకండి. స్టెంట్ వేసిన తొలి నెలల్లో మాత్ర ఉన్నట్టుండి ఆపితే ఆ స్టెంట్‌లోనే గడ్డ కట్టి ప్రాణం మీదికి రావచ్చు. కషాయం తాగే అలవాటు ఉన్నవాళ్ళు అదీ డాక్టరుకు చెప్పండి. కొన్ని మూలికలు వార్ఫరిన్ లాంటి మందుల బలాన్ని పెంచుతాయి, కొన్ని తగ్గిస్తాయి. డాక్టరుకు కన్నడమో, తమిళమో, ఒడియానో, మరాఠీనో తప్ప తెలుగు రాకపోతే, పెద్దవాళ్ళ వెంట ఇంట్లో చదువుకున్న పిల్లల్లో ఒకరు వెళ్ళండి. యానాం నుంచి కాకినాడకో పుదుచ్చేరికో వెళ్ళేవాళ్ళకూ ఇదే మాట. మందుల చీటీలన్నీ ఒకే సంచిలో పెట్టుకుని తీసుకెళ్ళండి.

ప్రయోగశాలల్లో పనిచేస్తున్న మన పిల్లలకు ఒక విన్నపం. మీరు చేసే పనిని ఇంట్లో తెలుగులో చెప్పండి. రిసెప్టర్ అంటే ఏమిటో, పళ్ళెంలో పసుపు రంగు ఎందుకు వస్తుందో అమ్మమ్మకు అర్థమయ్యేలా చెప్పగలిగితే, ఆ ఇంట్లో తప్పుడు సందేశం ఒక్కటీ చెల్లదు. బడి లేని చోట కూడా తరతరాలుగా భాషను ఇంట్లోనే నిలబెట్టుకున్నవాళ్ళం మనం. పండగలకు, పెళ్ళిళ్ళకు వాడే ఆ భాష మందుచీటీ చదవడానికీ, రిపోర్టు అర్థం చేసుకోవడానికీ పనికిరావాలి.

సందేహాలుంటే కింద రాయండి. మనవాళ్ళలో వైద్యులున్నారు, ల్యాబ్ టెక్నీషియన్లున్నారు, ఫార్మసిస్టులున్నారు. తెలిసినవాళ్ళు తెలుగులోనే జవాబు ఇవ్వవలసిందిగా కోరుతున్నాం.